కరోనా ఎన్వలప్ ప్రొటీన్: నాలుగేళ్లు వాడిన తర్వాత

2021లో మొదటి వయల్ తెప్పించినది మొదలు నాలుగేళ్లపాటు కోవిడ్ వైరస్ అయిన సార్స్-కోవ్-2 పై పొరలో ఉండే చిన్న ప్రొటీన్‌ను, అంటే ఎన్వలప్ ప్రొటీన్‌ను, మూడు రూపాల్లో వాడాను. ఈ.కోలై బ్యాక్టీరియాలో తయారై, శుద్ధికి పనికొచ్చే హిస్ ట్యాగ్ అనే చిన్న తోకతో, డిటర్జెంట్ కలిపిన బఫర్ ద్రావణంలో వచ్చే పూర్తి నిడివి ప్రొటీన్ ఒకటి, జి.ఎస్.టి. అనే మరో ప్రొటీన్‌తో అతికించి చేసినది ఇంకొకటి. పొరలో ఇమిడే భాగాన్ని తీసేసి సి-కొనను (గొలుసు చివరి భాగాన్ని) మాత్రమే ఉంచిన ముక్క మూడోది. కేటలాగుల్లో మూడింటినీ ‘రీకాంబినెంట్ (జన్యువును వేరే కణంలో పెట్టి చేయించిన) ఎన్వలప్ ప్రొటీన్’ అనే పేరుతోనే అమ్ముతారు కాబట్టి, ధర కంటే ముందు చూడవలసింది ఏ అమైనో ఆమ్లం నుంచి ఏ అమైనో ఆమ్లం వరకు ఇచ్చారన్న వివరం. ఆ వివరం లేని కేటలాగు పేజీని నేను ఇప్పుడు పూర్తిగా చదవను కూడా.

ఈ ప్రొటీన్‌లో ఉన్నవి 75 అమైనో ఆమ్లాలే. బరువు సుమారు 8.4 కిలోడాల్టన్లు. జి.ఎస్.టి. ఒక్కటే దాదాపు 26 కిలోడాల్టన్లు. అంటే అతికించిన రూపంలో 100 మైక్రోగ్రాములకు డబ్బు కడితే చేతికి వచ్చే అసలు సరుకు పాతిక మైక్రోగ్రాములే. ఈ లెక్క ముందే వేసుకోకపోవడం వల్ల మొదటి ఏడాది మా మోతాదులన్నీ తప్పాయి. అంతకంటే పెద్ద నష్టం మరొకటి ఉంది. ఎన్వలప్ ప్రొటీన్‌కు వ్యతిరేకంగా చేసినదని చెప్పి అమ్మిన ఒక కుందేలు యాంటీబాడీ మా బ్లాట్ (జెల్‌లో విడదీసిన ప్రొటీన్లను పల్చని పొరకు ఎక్కించి యాంటీబాడీతో గుర్తించే పరీక్ష) మీద చక్కగా పట్టుకుంటుంటే సంతోషించాము; మూడు వారాల తర్వాత వట్టి జి.ఎస్.టి.ని పక్క లేన్‌లో నడిపి చూస్తే దాన్నీ అంతే చక్కగా పట్టుకుంది. అంటే అది పట్టుకుంటున్నది ఎన్వలప్‌ను కాదు, జి.ఎస్.టి.ని. సరఫరాదారు మర్యాదగా జవాబు ఇచ్చాడు గానీ డబ్బు తిరిగి ఇవ్వలేదు.

పూర్తి నిడివి రూపం పనికి మెరుగు, నడవడికి మొండి. సుమారు 8 నుంచి 38 వరకు ఉన్న అమైనో ఆమ్లాలు పొరలో దిగబడే భాగం. ఐదు అణువులు కలిసి అయాన్లు పోయే దారిని ఏర్పరుస్తాయి. పొరలో బతకవలసినదాన్ని నీళ్లలో ఉంచుతున్నప్పుడు డిటర్జెంటే దానికి ఆధారం. డి.డి.ఎం. అనే డిటర్జెంట్ ఉన్న బఫర్‌లో వచ్చిన నమూనాను మామూలు పి.బి.ఎస్. ఉప్పు ద్రావణంతో పలుచన చేస్తే, డిటర్జెంట్ గాఢత మైసెల్‌లు (డిటర్జెంట్ అణువుల గుంపులు) నిలబడే హద్దుకు దిగువకు పడిపోయి, ప్రొటీన్ తెల్లని పొడిలా గొట్టం అడుగున చేరుతుంది. జెల్ కోసం 95 డిగ్రీల వద్ద మరిగించినా ముద్దకట్టి జెల్ బావి పైభాగంలోనే ఉండిపోతుంది. 37 డిగ్రీల వద్ద అరగంట ఉంచితే మాకు సరిపోయింది. చిన్న ప్రొటీన్లకు తగిన ట్రైసిన్ జెల్, 0.2 మైక్రాన్ల రంధ్రాలున్న బ్లాట్ పొర వాడకపోతే ఇంత చిన్న ప్రొటీన్ బ్లాట్‌లో పొరను దాటుకుని అవతలికి పోతుంది. ప్రొటీన్ గాఢతను 280 నానోమీటర్ల కాంతిని అది ఎంత పీల్చుకుంటుందో చూసి కొలుస్తారు. దీనిలో ఆ కాంతిని బాగా పీల్చే అమైనో ఆమ్లమైన ట్రిప్టోఫాన్ లేనందున ఆ కొలత నాలుగు టైరోసిన్ల మీదనే ఆధారపడుతుంది. బఫర్‌లో ట్రైటాన్ అనే డిటర్జెంట్ ఉన్నట్లయితే అది కూడా అక్కడే కాంతిని పీల్చుకుంటుంది కాబట్టి, ఆ అంకెను నమ్మడానికి వీల్లేదు.

ఎలైసాకు (పళ్లేనికి ప్రొటీన్‌ను అంటించి రక్తంలోని యాంటీబాడీలను వెతికే పరీక్షకు) ఈ డిటర్జెంటే శత్రువు. పాలీస్టైరీన్ పళ్లేనికి ప్రొటీన్ అంటుకోకుండా అది అడ్డుపడుతుంది. ఆ పనికి సి-కొన ముక్క కొంత నయం, అయితే పొరలోని భాగాన్ని, ఎన్-కొనను (గొలుసు మొదటి భాగాన్ని) గుర్తించే యాంటీబాడీలు అందులో కనిపించవు. ఏదేమైనా కోవిడ్ వచ్చి తగ్గినవారి రక్తంలో వైరస్‌లోని ఇతర ప్రొటీన్లైన స్పైక్, న్యూక్లియోక్యాప్సిడ్‌లకు వచ్చినంత సంకేతం దీనికి రాదు. సీరం పరీక్ష కోసమే కొనదలిచినవారు ఆ డబ్బును న్యూక్లియోక్యాప్సిడ్ మీద పెట్టడం మేలు.

నేను ఎక్కువ కాలం గడిపింది మాక్రోఫేజ్‌లు అనే రోగనిరోధక కణాల పనిలో. కొత్తగూడెంలో డిగ్రీ చదివి, ఉస్మానియాలో డాక్టరేట్ చేసి, మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ ఆస్పత్రిలో పరిశోధిస్తున్న కన్నెగంటి తిరుమలాదేవి గారి బృందం 2021లో ‘నేచర్ ఇమ్యునాలజీ’లో ఒక పత్రం ప్రచురించింది. ఎన్వలప్ ప్రొటీన్‌ను టి.ఎల్.ఆర్.2 అనే గ్రాహకం పసిగట్టి వాపు పుట్టించే సంకేత ప్రొటీన్లైన సైటోకైన్లను విడుదల చేయిస్తుందని అందులో చూపారు. అది చదివిన ఉత్సాహంతో మేమూ మొదలుపెట్టాము. మొదటి రోజే టి.ఎన్.ఎఫ్. అనే సైటోకైన్ ఆకాశాన్నంటింది, ఆ తర్వాత ప్రొటీన్ లేని బఫర్‌ను పోసినా సగం సంకేతం వచ్చింది. ఈ.కోలైలో తయారైన ఏ ప్రొటీన్‌తోనైనా ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా పొరలోని విష పదార్థం) వెంట వస్తుంది. ఆ సంగతి అందరికీ తెలిసినదే, ఎండోటాక్సిన్‌ను పట్టే పాలీమిక్సిన్ కలిపో, దాన్ని పసిగట్టే టి.ఎల్.ఆర్.4 గ్రాహకాన్ని నిరోధించో దాన్ని వేరుచేయవచ్చు. ఇక్కడ చిక్కు దాని తర్వాత మొదలవుతుంది. బ్యాక్టీరియా లిపోప్రొటీన్లు (కొవ్వు అతికిన ప్రొటీన్లు) కూడా ఇదే టి.ఎల్.ఆర్.2ను తట్టిలేపుతాయి. డిటర్జెంట్‌తో పొర ప్రొటీన్లను కరిగించి తీసేటప్పుడు అవి కూడా కలిసి రాగలవు; వాటిని పాలీమిక్సిన్ పట్టదు, ఎండోటాక్సిన్‌ను కొలిచే ఎల్.ఎ.ఎల్. పరీక్ష లెక్కించదు. సరఫరాదారు ఇచ్చే విశ్లేషణ పత్రంలో ఎండోటాక్సిన్ ఎంత తక్కువగా రాసి ఉన్నా ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. అదే ఈ.కోలైలో, అదే డిటర్జెంట్‌తో, అదే కాలమ్ మీద శుద్ధిచేసిన సంబంధం లేని మరో పొర ప్రొటీన్ పక్కన ఉంటే తప్ప ఫలితాన్ని నేను ఇప్పుడు లెక్కలోకి తీసుకోను. అలాంటి జోడును నాకు అమ్మినవారు ఎవరూ లేరు. బఫర్‌ను వేరే గొట్టంలో ఉచితంగా పంపమని అడిగితే మాత్రం ఒకరు పంపారు, వారి దగ్గరే మళ్లీ కొన్నాను.

రవాణా సంగతి క్లుప్తంగా చెబుతాను. పొడి మంచులో రావలసిన పెట్టె ఒకసారి మే నెలలో శంషాబాద్ విమానాశ్రయంలో కాగితాల కోసం ఐదు రోజులు ఆగి, మంచంతా ఆవిరై, గోరువెచ్చగా చేరింది. అప్పటి నుంచి లయోఫిలైజ్ చేసిన (గడ్డకట్టించి ఆరబెట్టిన) పొడినే అడుగుతున్నాను. దాన్ని కరిగించాక 10 మైక్రోలీటర్ల చొప్పున పంచి మైనస్ 80 డిగ్రీల వద్ద ఉంచి, ఒకసారి కరిగించినదాన్ని మళ్లీ గడ్డకట్టించకుండా వాడితే, ఏడాది తర్వాత కూడా జెల్ మీద తేడా కనిపించలేదు. నాలుగుసార్లు గడ్డకట్టి కరిగిన గొట్టంలో మాత్రం పట్టీ మసకబారి, పైన ముద్దలు కనిపించాయి.

మరో సంగతి అమైనో ఆమ్లాల అనుక్రమానిది. నేను కొన్నవన్నీ వుహాన్‌లో మొదట దొరికిన వైరస్ అనుక్రమం ప్రకారం చేసినవే. ఒమిక్రాన్ శాఖలో తొమ్మిదో స్థానంలోని థ్రియోనిన్ ఐసోల్యూసిన్‌గా మారింది, ఆ స్థానం పొరలోని భాగంలోనిది. అయాన్ల ప్రవాహాన్ని కొలిచేవారికి ఈ తేడా ముఖ్యం కాబట్టి, ఆర్డరు పెట్టేటప్పుడే అడగాలి.

ఈ జన్యువు పొడవు ముగింపు గుర్తైన స్టాప్ కోడాన్‌తో కలిపి 228 అక్షరాలే. దాన్ని కృత్రిమంగా రాయించడానికి అయ్యే ఖర్చు, మేము కొన్న 50 మైక్రోగ్రాముల వయల్ ధర కంటే తక్కువగా తేలింది. కిందటి ఏడాది నుంచి మా ప్రొటీన్‌ను మేమే చేసుకుంటున్నాము. జంటగా కావలసిన సంబంధం లేని ప్రొటీన్‌ను కూడా అదే రోజు, అదే కాలమ్ మీద తీస్తున్నాము. దిగుబడి తక్కువే. కొన్నవాటిలో మిగిలిన రెండు గొట్టాలను మైనస్ 80 ఫ్రీజర్‌లో ఉంచి, కొత్త బ్యాచ్ తీసిన ప్రతిసారీ జెల్ మీద సరిచూసుకోవడానికి ఒక లేన్‌లో నడుపుతున్నాను.