జీడిపప్పు ప్యాకింగ్‌లో మూడేళ్లుగా కంట్రోల్ చార్ట్: డబ్బు మిగిలింది ఎక్కడంటే

పర్లాకిమిడి దగ్గర మా జీడిపప్పు ప్యాకింగ్ యూనిట్‌లో ఎక్స్‌బార్-ఆర్ చార్ట్ పెట్టి మూడేళ్లు దాటింది. కొన్ని ప్యాకెట్లు తూచి వాటి సగటుని కాగితం మీద చుక్కగా పెడతాం; మధ్య గీతకి పైనా కిందా గీసిన హద్దు గీతల్ని చుక్క దాటితే ఏదో తేడా వచ్చినట్టు. సాఫ్ట్‌వేర్ ఏమీ కొనలేదు. అట్టకి క్లిప్ పెట్టిన గ్రాఫ్ కాగితం, దారంతో కట్టిన పెన్సిల్, ఒక ఎలక్ట్రానిక్ కాటా. అంతే సరంజామా.

మొదటి నాలుగు నెలలూ దండగే. అరగంటకోసారి అయిదు అరకిలో ప్యాకెట్లు తూచేవాళ్లం. చుక్కలన్నీ మధ్య గీతని పట్టుకుని బుద్ధిగా నడుస్తుంటే మురిసిపోయాం. మా మెషిన్‌కి రెండు హెడ్లు, అంటే పప్పు పోసే మూతులు. రెండింటి ప్యాకెట్లూ ఆ అయిదింట్లో కలిపేస్తున్నామని ఎవరికీ తట్టలేదు. ఒకటి 503 గ్రాములు పోస్తుంటే రెండోది 510 పోస్తోంది. ఆ తేడా అంతా రేంజ్‌లో (అయిదింట్లో అన్నిటికన్నా ఎక్కువకీ తక్కువకీ మధ్య తేడా) చేరి సగటు రేంజ్ 10కి పోయింది. అయిదేసి ప్యాకెట్లు తూస్తే హద్దు గీతల కోసం సగటు రేంజ్‌ని గుణించాల్సిన అంకె 0.577. అంటే సగటుకి అటూ ఇటూ 5.8 గ్రాముల దూరంలో గీతలు. అంత దూరంలో గీస్తే ఏ చుక్క దాటుతుంది?

హెడ్‌కో కాగితం పెట్టాక రేంజ్ 6కి దిగింది, గీతలు 3.5కి దగ్గరయ్యాయి. పనేమీ పెరగలేదు. గంటకోసారి ఒక్కో హెడ్ నుంచి అయిదు, అంటే ఎప్పటిలాగే గంటకి పది. రెండో హెడ్‌ని కూడా 503కి దించాం. సగటున ప్యాకెట్‌కి మూడున్నర గ్రాములు, రోజుకి రెండు వేల ప్యాకెట్లు: ఏడు కిలోల పప్పు ఊరికే పంచిపెట్టామన్నమాట!

మధ్యలో నేనే ఒక తెలివితక్కువ పని చేశాను. హద్దు గీతలు మామూలుగా మూడు సిగ్మాల దూరంలో ఉంటాయి (సిగ్మా అంటే సహజంగా వచ్చే హెచ్చుతగ్గుల కొలత, ఇక్కడ అయిదింటి సగటుది). త్వరగా పట్టుకుంటుందని వాటిని రెండుకి కుదించాను. మూడు దగ్గర ఉత్తుత్తి అలారం సుమారు 370 చుక్కలకి ఒకటి, రెండు దగ్గర 22కి ఒకటి. రోజుకి పదహారు చుక్కలు పెట్టేవాళ్లకి ఇక లైన్ ఆపడమే పని. పాతపట్నం నుంచి వచ్చే అమ్మాయి, "బాబూ, చుక్క గీత దాటీసింది, మళ్లీ ఆపీమంటారా?" అని అడిగి నవ్వేసింది. వారం తిరక్కుండా పాత గీతలకే వచ్చాం. శాంపిల్ ఖర్చు, ఉత్తుత్తి అలారం ఖర్చు, తప్పు ఆలస్యంగా దొరికితే పడే నష్టం కలిపి చూసి చార్ట్ వేసుకోమని 1956లోనే డంకన్ అనే గణాంక శాస్త్రవేత్త లెక్కకట్టి చూపాడు. నాకు మాత్రం లైన్ ఆపితేగానీ తెలియలేదు.

లోపమూ ఉంది. బరువు ఒక సిగ్మా మాత్రమే (ఇది సగటుది కాదు, విడి ప్యాకెట్లది) జరిగితే, మా లెక్కన రెండున్నర గ్రాములు, పట్టుబడటానికి సగటున నాలుగైదు చుక్కలు పడుతుంది. అంటే సగం షిఫ్ట్. వర్షాకాలంలో మెషిన్ గేటుకి పప్పు ముక్కలు అంటుకున్నప్పుడు జరిగేది సరిగ్గా ఇదే. ఇంతకంటే తక్కువ జరిగితే ఇంకా ఆలస్యం. అందుకే వరసగా ఎనిమిది చుక్కలు మధ్య గీతకి ఒకే పక్క పడినా చెప్పమన్నాం.

రాత్రి షిఫ్ట్ కాగితం మీద మాత్రం చుక్కలన్నీ ఒకే మందంలో, ఒకే వాలులో ఉంటున్నాయి. చివర్లో కూర్చుని నింపేస్తున్నారని నా అనుమానం. గత వారం నుంచి తూచిన ప్యాకెట్లని పొద్దుటిదాకా ట్రేలోనే ఉంచమన్నాను.