గర్భిణి నర్సుకు ఏది మేలు: ఉన్న డ్యూటీయా, డ్యూటీ మార్పా, లీవా?

"మేడం, టెస్ట్ పాజిటివ్ వచ్చింది. నేను ఆపరేషన్ థియేటర్ (ఓటీ)లో చేస్తున్నాను. అక్కడే ఉండనా, వేరే చోటికి మార్పించుకోనా, లీవు పెట్టేయనా?"

ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సుగా నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. ఓటీ బదులు ఒకరు క్యాథ్ ల్యాబ్ (ఎక్స్‌రేలో చూస్తూ గుండెకు యాంజియో చేసే గది) అంటారు, ఒకరు క్యాన్సర్ మందులెక్కించే కీమో డే కేర్ అంటారు, ఇంకొకరు సీఎస్ఎస్‌డీ (పరికరాలను స్టెరిలైజ్ చేసే విభాగం) అంటారు. అందరికీ ఫోన్లో విడివిడిగా చెప్పే బదులు ఒకచోట రాసిపెడుతున్నాను. ఐరన్ మాత్రలు, స్కానింగులు, టీటీ ఇంజెక్షన్ల గురించి ఇందులో ఏమీ ఉండదు. అవి రోజూ పేషెంట్లకు చెప్పేది మీరే కదా.

మూడింటిలో ఏది మేలో చెప్పేముందు నేను తిరిగి ఒక ప్రశ్న అడుగుతాను. ఇప్పుడు ఎన్నో వారం? నా దృష్టిలో సగం జవాబు అక్కడే తేలిపోతుంది.

మన ఇళ్లలో మూడో నెల నిండేదాకా బయట చెప్పకూడదంటారు. దిష్టి అనుకోండి, ఏదైనా జరగరానిది జరిగితే ఊరందరికీ సంజాయిషీ చెప్పుకోవాలన్న బెంగ అనుకోండి, ఆ మాట వెనక ఉన్న భయాన్ని నేను కొట్టిపారేయను. కానీ బిడ్డ గుండె, వెన్ను, కాళ్లు, చేతులు రూపం దిద్దుకునేది చాలావరకు 5వ వారం నుంచి 10వ వారం మధ్యలోనే. నెల తప్పిందని గమనించిన రోజుకే అయిదో వారం మొదలైపోతుంది. మూడో నెల నిండాక ఇన్‌చార్జి సిస్టర్‌కి చెబితే, కీమో మందులకూ గ్యాసులకూ దూరంగా ఉండాల్సిన ముఖ్యమైన రోజులు వాటి మధ్యనే గడిచిపోయి ఉంటాయి.

చట్టం కూడా ఈ విషయంలో మనకన్నా ముందేమీ లేదు. 1961 మెటర్నిటీ బెనిఫిట్ చట్టంలోని 4వ సెక్షన్ గర్భిణి అడిగితే బరువు పనులు, గంటల తరబడి నిలబడే పనులు, గర్భానికి హాని చేయగల పనులు ఇవ్వకూడదంది. 13వ సెక్షన్ అలా పని మార్చినందుకు జీతం కోయకూడదంది. వినడానికి బాగానే ఉంది. అయితే ఇది వర్తించేది డెలివరీ తేదీకి ముందు ఆరు వారాలు, దానికి ముందు ఒక నెల. అంటే సుమారు 30వ వారం నుంచి. 2017 సవరణ లీవును 26 వారాలకు పెంచింది గానీ ఈ గడువు జోలికి పోలేదు. 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో అమల్లోకి వచ్చిన 2020 సామాజిక భద్రతా కోడ్‌లోకి కూడా ఇదే గడువు వచ్చి చేరింది. బరువులు ఎత్తడం, నిలబడటం వరకు ఈ గడువు కొంత నయం. మందులు, గ్యాసులు, రేడియేషన్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం రక్షణ ఎప్పుడో అవసరమైతే చట్టం ఎప్పుడో నిద్రలేస్తోంది.

అందుకని నేను చెప్పేది ఒకటే. అత్తగారికి, ఆడపడుచుకి, వాట్సాప్ గ్రూపుకి మూడో నెల తర్వాతే చెప్పుకోండి. నర్సింగ్ సూపరింటెండెంట్‌కి మాత్రం టెస్ట్ వచ్చిన వారంలోనే, గోప్యంగా, కాగితం మీద చెప్పండి. ఎన్నో వారం, ఇప్పుడు ఏ డ్యూటీ, అక్కడ దేనికి దగ్గరగా ఉంటున్నారు, ఏం కోరుతున్నారు అని నాలుగు వాక్యాలు చాలు. రెండో కాపీ మీద అందిందని సంతకం తీసుకోండి. 30వ వారానికి ముందు మీ చేతిలో పెద్దగా చట్టం లేదు కాబట్టే ఆ సంతకానికి విలువ. మాకు తెలియదని రేపు ఎవరూ అనలేరు. ఎన్ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యత చూసే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ఆసుపత్రి అయితే సిబ్బంది ఆరోగ్యం, భద్రత చూసుకోవడం ఆ ప్రమాణాల్లోనే ఉంది. మాటల మధ్యలో దాన్ని గుర్తుచేయడంలో తప్పులేదు.

ఇక మూడు దారులు చూద్దాం.

ఉన్నచోటే, జాగ్రత్తలతో

విచిత్రం ఏమిటంటే అందరూ ఎక్కువగా భయపడే క్యాథ్ ల్యాబ్‌లో ఈ దారి ఎంతో కొంత నడుస్తుంది. రేడియేషన్‌ను కొలవగలం. గర్భం సంగతి తెలియజేశాక మిగతా నెలలన్నీ కలిపి బిడ్డకు 1 మిల్లీసీవర్ట్ దాటకూడదన్నది అంతర్జాతీయ రేడియోలాజికల్ రక్షణ కమిషన్ సిఫారసు. వైకల్యాల గురించి ఆలోచించాల్సి వచ్చే మోతాదు 100 మిల్లీగ్రే (ఎక్స్‌రే విషయంలో 100 మిల్లీసీవర్ట్ అనుకోవచ్చు) దరిదాపుల్లో ఉంటుంది. అంటే ఈ హద్దు దానికి చాలా దిగువన పెట్టారు. ఒంటికి సరిపోయే లెడ్ ఏప్రన్, ఎక్స్‌రే ట్యూబ్‌కు దూరంగా నిలబడటం, ఫ్లోరో (ఆగకుండా నడిచే ఎక్స్‌రే) నడిచేటప్పుడు పక్కకు తప్పుకోవడం, ఇవి నిజంగా పనిచేస్తాయి. చిక్కల్లా ఒంటికి తగిలిన రేడియేషన్‌ను నమోదు చేసే టీఎల్‌డీ బ్యాడ్జి దగ్గర. మూడు నెలలకోసారి ల్యాబ్‌కి వెళ్లే బ్యాడ్జి రిపోర్టు వచ్చేసరికి మీకు రెండో త్రైమాసికం వచ్చేస్తుంది. అందుకని ఏప్రన్ లోపల పొట్ట దగ్గర పెట్టుకోవడానికి వెంటనే రీడింగ్ చూపించే పాకెట్ డోసిమీటర్ ఇమ్మని ఆర్ఎస్ఓని (రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్‌ని) అడగండి. అది ఇవ్వలేమంటే అక్కడ ఉండొద్దు.

సీఎస్ఎస్‌డీలో ఈటీఓ (ఇథిలీన్ ఆక్సైడ్ గ్యాసు) స్టెరిలైజర్ సంగతి వేరు. "వాసన రావట్లేదు మేడం, లీకేజీ లేదు" అని చాలామంది ధీమాగా చెబుతారు. ఇథిలీన్ ఆక్సైడ్‌కు అమెరికా పెట్టిన పరిమితి గాలిలో 1 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో ఒక పాలు. మనిషి ముక్కు దాన్ని పసిగట్టేది వందల పీపీఎం దాటాక. వాసన రాలేదంటే అంతా క్షేమం అనుకోవడానికి వీల్లేదు. ఎన్-95 మాస్కు ఆవిర్లను ఆపదు. ఈ గ్యాసుకు, గర్భస్రావాలకు ముడి ఉందని ఫిన్లాండ్ ఆసుపత్రుల సిబ్బంది మీద 1980ల్లోనే పరిశోధన వచ్చింది. ఇక్కడ "జాగ్రత్తగా ఉంటూ చేసుకోండి" అన్న సలహా నేను ఇవ్వను.

కీమో కూడా అంతే. ఎక్టోపిక్ ప్రెగ్నెన్సీని (గర్భసంచి బయట నిలిచిన గర్భాన్ని) కరిగించడానికి ఇచ్చే మెథోట్రెక్సేటే కీమో వార్డులోనూ వాడతాం. ఈ ఒక్క మాట చాలు, ఇంక వివరించక్కర్లేదు. సేఫ్టీ క్యాబినెట్, రెండు జతల గ్లోవ్స్, గౌను ఉన్నచోట ప్రమాదం తగ్గుతుంది. కానీ వార్డు కౌంటర్ మీదే మందు కలిపే ఆసుపత్రులు మనకు తెలియనివి కావు. పైగా మందు కలపకపోయినంత మాత్రాన తప్పించుకున్నట్టు కాదు. కీమో ఎక్కిన తర్వాత 48 గంటల దాకా పేషెంట్ మూత్రం, వాంతి, తడిసిన బట్టలు అన్నీ మందు కలిసినవే అనుకుని ముట్టుకోవాలి.

ఓటీలో గ్యాస్ స్కావెంజింగ్ లైన్ (మిగిలిన మత్తు గ్యాసును బయటికి లాగేసే ఏర్పాటు) పనిచేస్తోందా అన్నది చూడాలి. చాలాచోట్ల గోడకు పాయింట్ ఉంటుంది, పైపు తగిలించరు. పిల్లల కేసుల్లో మాస్క్ పెట్టి మత్తు ఇచ్చేటప్పుడు గ్యాస్ బయటికి ఎక్కువ వస్తుంది కాబట్టి కనీసం ఆ టేబుల్ దగ్గరికి వెళ్లకండి.

డ్యూటీ మార్పు

నా మొగ్గు దీనివైపే. జీతం వస్తుంది, సర్వీసు తెగదు, లీవు మిగులుతుంది, ప్రమాదం నుంచి పూర్తిగా బయటపడతారు. అయితే ఎక్కడికి మారుతున్నారన్నది చూసుకోవాలి. "పాపం, కడుపుతో ఉంది, తేలిక వార్డుకి వేద్దాం" అని పీడియాట్రిక్స్‌కి వేసే ఇన్‌చార్జిలు ఉన్నారు. చికెన్‌పాక్స్ అక్కడే, కడుపులో బిడ్డకు హాని చేయగల సీఎంవీ వైరస్ అక్కడే. పసిపిల్లల మూత్రంలో, లాలాజలంలో సీఎంవీ నెలల తరబడి ఉంటుంది. చిన్నప్పుడు ఆటలమ్మ వచ్చిందో లేదో తెలియనివాళ్లకు, రుబెల్లా టీకా పడనివాళ్లకు ఇది పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టే. ఆటలమ్మ, రుబెల్లా టీకాలు రెండూ కడుపుతో ఉండగా వేయకూడదు కాబట్టి అప్పుడు చేయగలిగింది యాంటీబాడీ పరీక్ష మాత్రమే. ఇంకా పెళ్లికాని సిస్టర్లు, ప్లానింగ్‌లో ఉన్నవాళ్లు ఈ పరీక్ష ఇప్పుడే చేయించుకుంటే మంచిది. ఛాతీ వార్డు, ఐసోలేషన్ కూడా వద్దు.

మరి ఎక్కడికి? ప్రీ-ఆపరేటివ్ చెకప్ ఓపీ, ఇన్సూరెన్స్ డెస్క్, క్వాలిటీ విభాగం, మెడికల్ రికార్డ్స్, కొత్తగా చేరిన సిస్టర్ల ట్రైనింగ్, డిశ్చార్జ్ కౌన్సెలింగ్. ప్రతి ఆసుపత్రిలోనూ వీటిలో రెండు మూడు చోట్ల మనిషి కొరత ఉంటుంది. "ఏదైనా తేలిక డ్యూటీ ఇవ్వండి" అని అడిగితే రోస్టర్ చూసేవాళ్లకు తలనొప్పి. "క్వాలిటీలో ఫలానా పని ఆగిపోయి ఉంది, నేను చేస్తాను" అంటే ఒప్పుకోవడం తేలిక.

నైట్ డ్యూటీ గురించి కూడా అదే లెటర్లో రాయండి. డెన్మార్క్‌లో 2019లో వెలువడిన పెద్ద పరిశోధనలో, 8వ వారం తర్వాత ఒక వారంలో రెండు అంతకన్నా ఎక్కువ నైట్లు చేసినవాళ్లకు మరుసటి వారంలో గర్భస్రావం ముప్పు 32 శాతం ఎక్కువగా కనిపించింది. ప్రతి నైటూ ప్రమాదమని దీని అర్థం కాదు. వరస నైట్లు వద్దని అడగడానికి మాత్రం ఈ ఆధారం సరిపోతుంది.

మార్పులో నష్టం లేదా అంటే ఉంది. నైట్ అలవెన్సు, ఓటీ అలవెన్సు పోతాయి. "తనకొక్కదానికే కడుపొచ్చిందా" అన్న సణుగుడు వినబడుతుంది. ఆ నైట్లు పంచుకునేది వాళ్లే కాబట్టి వాళ్ల కోపం అర్థం లేనిదీ కాదు. దీన్ని సర్దాల్సింది మేనేజ్‌మెంట్, మీరు కాదు.

ఈ పనిని జర్మనీలో ఎలా సర్దారో చెబుతాను, మన సిస్టర్లు చాలామంది ఇప్పుడు జర్మన్ భాషలో బి2 పరీక్ష పాసై అటు వెళ్తున్నారు కాబట్టి. అక్కడ ముందు పని పరిస్థితులు మార్చాలి, కుదరకపోతే చోటు మార్చాలి, అదీ కుదరకపోతే పూర్తి జీతంతో ఇంటికి పంపాలి. ఆ వరుస చట్టంలోనే ఉంది. 5 కిలోల పైన తరచుగా ఎత్తించకూడదు, అయిదో నెల దాటాక రోజుకు 4 గంటలకు మించి నిలబెట్టకూడదు. ఇంటికి పంపినప్పుడు ఇచ్చే జీతం ఆ ఆసుపత్రి జేబులోంచి పోదు. ఆడవాళ్లు ఉన్నా లేకున్నా యజమానులందరూ కట్టే ఉమ్మడి నిధిలోంచి తిరిగి వస్తుంది. మన దగ్గర నెలకు 21,000 లోపు జీతానికి ఈఎస్ఐ బీమా ఉంది గానీ, ఆ పైన 26 వారాల జీతమంతా యజమాని నెత్తినే. చెబితే ఏమంటారో అని సిస్టర్లు నోరు నొక్కుకోవడానికి ఇదీ ఒక కారణం.

ముందుగానే లీవు

రెండో నెలలోనే లీవు పెడతామనేవాళ్లు ఒక లెక్క చూసుకోవాలి. 26 వారాల్లో డెలివరీకి ముందు వాడుకోగలిగేది 8 వారాలే. అంతకన్నా ముందు పెట్టేదంతా మీ ఈఎల్ (జమ అయిన లీవు) లేదా ఎల్ఓపీ (జీతం లేని లీవు). పైగా డెలివరీ తేదీకి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటేనే మెటర్నిటీ బెనిఫిట్ వస్తుంది. 6వ వారంలో ఎల్ఓపీ పెట్టేస్తే ఆ ఏడాదిలో మీరు పనిచేసినట్టు లెక్కకు వచ్చేది సుమారు 18 వారాలు. పాత ఉద్యోగికి వారానికి ఆరు రోజుల చొప్పున 108 రోజులు, ఇబ్బంది లేదు. చేరి రెండు నెలలే అయినవాళ్లకు యాభై చిల్లర, అంటే బెనిఫిట్ పోయినట్టే. బ్లీడింగ్, బీపీ లాంటి సమస్య ఉండి డాక్టర్ విశ్రాంతి రాస్తే అది వేరు, వెంటనే పెట్టండి. గర్భం వల్ల వచ్చిన అనారోగ్యానికి ఇంకో నెల లీవు చట్టంలో విడిగా ఉంది. డ్యూటీ మార్చడానికి ససేమిరా అన్న కీమో, ఈటీఓ యూనిట్లలో ఉన్నవాళ్లకు కూడా నేను లీవే చెబుతాను.

రాజీనామా చేయాలా అని అడిగేవాళ్లూ ఉన్నారు. చేయకండి. వర్క్ ఫ్రమ్ హోమ్ నర్సులకు ఎలాగూ లేదు.

తిరిగి చేరాక

పాలిచ్చే తల్లుల విషయంలో కొన్ని భయాలు తీసేయొచ్చు. ఎక్స్‌రే వల్ల పాలు పాడవవు, క్యాథ్ ల్యాబ్‌కి తిరిగి వెళ్లవచ్చు. న్యూక్లియర్ మెడిసిన్ అలా కాదు, రేడియో అయోడిన్ ఒంట్లోకి చేరితే పాలలోకి వస్తుంది. కీమో మందులు కలిపే పనికి బిడ్డ పాలు మానేదాకా వెళ్లకపోవడమే మేలు. గర్భిణులతో పాటు పాలిచ్చేవాళ్లు అడిగినా ప్రత్యామ్నాయ డ్యూటీ ఇవ్వాలన్నది ఈ మందుల విషయంలో అమెరికా మార్గదర్శకాల మాట.

బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా రోజుకు రెండు నర్సింగ్ బ్రేకులు మీ హక్కు. 50 మంది, ఆపైన ఉద్యోగులున్న చోట క్రెష్ (పసిపిల్లలను చూసుకునే చోటు) ఉండాలి, రోజుకు నాలుగు సార్లు వెళ్లి చూసి రావచ్చు. క్రెష్ కాగితం మీదే ఉన్నచోట పాలు పిండి దాచుకోవాలి కాబట్టి గది, ఫ్రిజ్ అడగండి. బాత్‌రూమ్‌లో పిండుకోమంటే ఒప్పుకోకండి. 25 డిగ్రీల వరకు ఉన్న గదిలో పిండిన పాలు 4 గంటలు నిలుస్తాయి, ఫ్రిజ్‌లో 4 రోజులు. మే నెలలో ఏసీ లేని మన డ్రెస్సింగ్ రూముల్లో 25 డిగ్రీలు ఎక్కడివి? మందుల ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి, ఆ విషయంలో ఆడిట్‌లో మొదట పట్టుకునేది నేనే.

కీమోలో ఉన్నవాళ్లు "డెలివరీ తర్వాత పాలిచ్చినంతకాలం కూడా ఇదే ఏర్పాటు కొనసాగించగలరు" అన్న వాక్యాన్ని మొదటి లెటర్లోనే చేర్చండి. చంటిబిడ్డతో తిరిగి చేరిన వారంలో మళ్లీ హెచ్ఆర్ చుట్టూ తిరిగే ఓపిక ఎవరికీ ఉండదు.