సెప్టెంబరు ఆఖర్లో మెక్సికో సిటీ: బస, మెట్రో, ఊరేగింపులు

అమెరికా వీసా ఉంటే మెక్సికోకి వేరే వీసా అక్కర్లేదు కాబట్టి అక్కడి మనవాళ్లు చాలామంది సెలవులకి మెక్సికో సిటీ వెళ్తుంటారు. బస ఎక్కడ అంటే, జోకలో చౌక్ పక్కన మాత్రం వద్దంటాను. దేశంలో ఎవరికే కష్టం వచ్చినా చివరికి వచ్చి కూర్చునేది నేషనల్ ప్యాలెస్ ఎదుట ఉన్న ఆ మైదానంలోనే. 2025 మే, జూన్ నెలల్లో సీఎన్‌టీఈ అనే సంఘం టీచర్లు పెన్షన్ల చట్టం రద్దు చేయాలంటూ అక్కడ వారాల తరబడి టెంట్లలో ఉన్నారు. మేం ముందు దిగిన హోటల్‌వాళ్లు రోడ్లు మూస్తారని ఒక్క ముక్క చెప్పలేదు, సూట్‌కేసులు ఈడ్చుకుంటూ నడవాల్సి వచ్చింది. తర్వాత రిఫోర్మా రోడ్డు పక్కనున్న హ్వారెస్ కాలనీకి మారాక ప్రాణం హాయిగా ఉంది.

నిరసన ఊరేగింపు ఉన్న రోజున క్యాబ్ బుక్ చేయడం దండగ. రిఫోర్మా మీద నడిచే మెట్రోబస్సు కూడా ఆగిపోతుంది. 5 పెసోల మెట్రోనే దిక్కు. జోకలో స్టేషన్ తరచూ మూసేస్తారు గనుక బెయాస్ ఆర్తెస్‌లో దిగి నడిచిపోవచ్చు.

సెప్టెంబరు 26 సాయంత్రం చూసిన ఊరేగింపు మాత్రం మరచిపోలేను. 2014లో అదే రోజు రాత్రి గెర్రేరో రాష్ట్రం ఇగ్వాలాలో అయోత్సినాపా టీచర్ ట్రైనింగ్ కాలేజీ కుర్రాళ్లు 43 మంది మాయమయ్యారు. ఇప్పటికి ముగ్గురి అవశేషాలు మాత్రమే గుర్తించగలిగారు. తల్లిదండ్రులు పిల్లల ఫోటోలు గుండెలకి పట్టుకుని ముందు నడుస్తారు. వెనక జనం ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ వస్తారు. 43 దాకా ఒక్క అంకె వదలరు, ఆ తర్వాత 'న్యాయం!' అని ఒక్కసారిగా అరుస్తారు. సగంలో ఉండగా ఫుట్‌పాత్ మీద మొక్కజొన్న పొత్తులమ్మే ఆవిడ కూడా గొంతు కలిపింది, చేతిలో పొత్తుకి కారం రాస్తూనే.

రిఫోర్మాలో అందరూ బంగారు దేవత స్తంభం దగ్గర ఫోటో దిగి వెళ్లిపోతారు. నన్నడిగితే అంతకంటే ముందు చూడాల్సినవి జనం తమంతట తాము నిలబెట్టుకున్నవి. బుకరేలి వీధి మలుపులో 2015లో పెట్టిన ఎర్రటి '+43' శిల్పం ఉంది. కొలంబస్ విగ్రహం తీసేసిన సర్కిల్‌లో 2021లో ఆడవాళ్లు పిడికిలెత్తిన అమ్మాయి బొమ్మ పెట్టారు. ఇంకో సర్కిల్ నిండా తప్పిపోయినవాళ్ల ఫోటోలే. దేశంలో అలా ఆచూకీ లేనివాళ్లు ప్రభుత్వ లెక్కల్లోనే లక్ష దాటారు. ఒక్కో ముఖం ముందు ఆగి చూస్తే కాళ్లు కదలవు.

అక్టోబరు 2న త్లతెలోల్కో అనే పేట నుంచి ఇంకో పెద్ద ఊరేగింపు వస్తుంది. 1968లో అక్కడ విద్యార్థుల మీద సైన్యం కాల్పులు జరిపిన రోజది. కుదిరితే పొద్దున్నే వెళ్లి త్లతెలోల్కో చౌక్‌లోని స్మారక శిల మీద పేర్లు చదవండి. మధ్యాహ్నానికి జోకలో చుట్టూ ఉన్న సెంట్రోలో షాపులన్నీ షట్టర్లు దించేస్తాయి, అందుకే భోజనం ముందే కానిచ్చేయండి.

విదేశీయులు దేశ రాజకీయాల్లో తలదూర్చకూడదని మెక్సికో రాజ్యాంగంలోని 33వ అధికరణం చెబుతోంది. అందుకని ప్లకార్డు పట్టుకోకండి. ఫుట్‌పాత్ మీద నిలబడి చూస్తే ఎవరూ ఏమీ అనరు. ముఖాలకి గుడ్డలు కట్టుకున్న కుర్రాళ్ల గుంపు కనిపిస్తే మాత్రం పక్క సందులోకి తప్పుకోండి, అద్దాలు పగిలేది ఎక్కువగా వాళ్లున్న చోటే.