సింగపూర్ వీసాల కంటే ముందు పాప పాస్‌పోర్టు

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గరి ఒక ట్రావెల్స్ కార్యాలయానికి సింగపూర్ వీసాల కోసం వెళ్లినప్పుడు, అక్కడి ఉద్యోగి దరఖాస్తు ఫారం తీయకముందే మా నలుగురి పాస్‌పోర్టులనూ తిరగేసి, పాప పాస్‌పోర్టు గడువు ప్రయాణం నాటికి 6 నెలలైనా మిగలదని, ఆ తేదీ మీద వేలు పెట్టి చూపించారు. పిల్లల పాస్‌పోర్టు 5 ఏళ్లకే ముగుస్తుందన్న సంగతి, పెద్దల 10 ఏళ్ల లెక్కలోనే ఉన్న మాకు తట్టనే లేదు. కొత్తది చేతికొచ్చాకే అందరి వీసాలకూ కలిపి దరఖాస్తు పెట్టారు. ఈలోగా ఎన్నిసార్లు ఫోన్ చేసినా విసుక్కోకుండా బదులిచ్చారు.

అయితే సింగపూర్ చేరడానికి ముందు 3 రోజుల్లో ఆన్‌లైన్‌లో ఎవరికి వారు ఉచితంగా నింపుకోగల అరైవల్ కార్డుకు కూడా తలకు 300 రూపాయలు బిల్లులో కలపడం నాకు నచ్చలేదు. గట్టిగా అడిగితే తీసేశారనుకోండి.