పొట్ట ఆపరేషన్: పెద్ద కోతా, రంధ్రాలా? గాయం మానడానికి ఏది మేలు?

పిత్తాశయంలో రాళ్లున్నాయని స్కానింగ్‌లో తేలిన తర్వాత, వరంగల్‌లో సర్జన్ ముందు కూర్చున్నవారు ఖర్చు సంగతి తేలగానే అడిగే ప్రశ్న "కోసి చేస్తరా సారూ, రంధ్రాలు పెట్టి చేస్తరా?" అన్నదే. ఈ రంధ్రాల ఆపరేషన్‌ను మన దగ్గర చాలామంది లేజర్ అంటారు గానీ, అందులో లేజర్ ఏమీ ఉండదు. పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ వాయువును నింపి, 5 నుంచి 10 మిల్లీమీటర్ల రంధ్రాల గుండా కెమెరాను, పనిముట్లను పంపి చేసే ల్యాప్రోస్కోపీ అది.

ఏ పద్ధతిలో చేసినా గాయాన్ని మొదట పట్టి ఉంచేది కుట్టు దారం, ఆ తర్వాత పట్టి ఉంచేది శరీరం తానే అల్లుకునే కొల్లాజెన్ అనే ప్రొటీన్. తొలి మూడు నాలుగు రోజులు వాపుతో, గాయాన్ని శుభ్రం చేసుకోవడంతోనే గడిచిపోతాయి. ఆ తర్వాత ఫైబ్రోబ్లాస్ట్ కణాలు మూడో రకానికి చెందిన సన్నని కొల్లాజెన్ పోగులను అల్లుతాయి, నెలల తరబడి వాటి స్థానంలో ఒకటో రకానికి చెందిన దృఢమైన పోగులు చేరుతుంటాయి. మూడు వారాలకు ఆ చోటికి తిరిగి వచ్చే బలం అసలు బలంలో సుమారు ఐదో వంతు మాత్రమే, ఏడాది గడిచినా 80 శాతం దాటడం అరుదు. రంధ్రాలు పెట్టినంత మాత్రాన ఈ కాలక్రమం వేగం పుంజుకోదు. అల్లవలసిన చోటు తగ్గుతుంది, అంతే.

ఆ తగ్గడమే పెద్ద లాభం. పొట్ట మధ్యలో నిలువుగా పెట్టే కోత, రెండు వైపుల కండరాలను కలిపి ఉంచే గట్టి పొరను చీలుస్తుంది. దగ్గినా, మంచం మీద నుంచి లేచినా ఆ కుట్టు మీదే లాగుడు పడుతుంది. అందుకే ఇటువంటి కోత పడినవారిలో నూటికి పది నుంచి ఇరవై మందికి అక్కడే హెర్నియా (బలహీనపడిన చోటు నుంచి లోపలి భాగం ఉబ్బి బయటికి రావడం) వస్తుందని వైద్య గ్రంథాలు చెబుతాయి. అయితే ఇందులో కుట్టే తీరుకూ పాత్ర ఉంది: నెదర్లాండ్స్‌లో 560 మందిపై జరిపి 2015లో ప్రచురించిన పరిశోధనలో, అంచు నుంచి ఒక సెంటీమీటరు దూరంలో కుట్లు వేసినవారిలో ఏడాదికి 21 శాతం మందికి హెర్నియా కనబడగా, 5 మిల్లీమీటర్ల చిన్న కుట్లు వేసినవారిలో అది 13 శాతమే. పెద్ద కోతకు చీము పట్టే ప్రమాదమూ ఎక్కువ, చీము పట్టినచోట కొత్తగా అల్లిన కొల్లాజెన్‌ను ఎంజైములు కరిగించివేస్తాయి.

ల్యాప్రోస్కోపీలో చీము, హెర్నియా, ఒంట్లో వాపు సూచికలైన సీఆర్‌పీ వంటివి తక్కువ. అయినా దానికి మరో పార్శ్వం ఉంది. నింపిన వాయువు 12 నుంచి 15 మిల్లీమీటర్ల పాదరస పీడనంతో లోపలి రక్తనాళాలను నొక్కుతుంది కనుక, పేగులకూ వాటి పొరకూ రక్తప్రసరణ తగ్గుతుంది. కొల్లాజెన్ గట్టిపడడానికి ఆక్సిజన్ తప్పనిసరి. జంతువులపై చేసిన కొన్ని ప్రయోగాలలో, పీడనం పెరిగినప్పుడు పేగు అతుకు (కోసిన పేగును తిరిగి కలిపిన చోటు) దగ్గర కొల్లాజెన్ తగ్గినట్లు తేలింది, మరికొన్నింటిలో తేడా కనబడలేదు. మనుషులలో పెద్దపేగు ఆపరేషన్లను పోల్చిన పెద్ద పరిశోధనలలో మాత్రం, అతుకు లీకవడం ఓపెన్ (పెద్ద కోత) పద్ధతి కంటే ఎక్కువగా లేదు. కాబట్టి ఇది వీలైనంత తక్కువ పీడనంతో పని ముగించమని సర్జన్‌కు చెప్పే విషయమే తప్ప, రోగి భయపడవలసిన విషయం కాదు. రోగి గుర్తుంచుకోవలసినది వేరే ఉంది: పెద్ద రాళ్లను బయటికి తీయడానికి బొడ్డు దగ్గరి రంధ్రాన్ని సాగదీస్తే, 10 మిల్లీమీటర్లు, ఆపై రంధ్రాల లోపలి పొరను విడిగా కుట్టకపోతే అక్కడా హెర్నియా రావచ్చు.

పిత్తాశయం, అపెండిక్స్ వంటివాటికి నా మొగ్గు స్పష్టంగా రంధ్రాల వైపే. పేగుకు చిల్లుపడి పొట్టంతా చీము నిండినప్పుడు, పాత ఆపరేషన్ల వల్ల పేగులు అతుక్కుపోయినప్పుడు, బీపీ పడిపోతున్నప్పుడు కోతే మేలు కావచ్చు. మధ్యలో రంధ్రాలు ఆపి కోతకు మారితే దానిని వైఫల్యంగా లెక్కగట్టడం సరికాదు.

పద్ధతి ఏదైనా, ఇంట్లో పెట్టే పత్యం ఆ లాభాన్ని తినేయగలదు. "పప్పు తింటే చీము పడతది" అని పప్పు, గుడ్డు, మాంసం మాన్పించడం మన దగ్గర పాత అలవాటు, అయితే కొల్లాజెన్ తయారయ్యేది ప్రొటీన్‌తోనే. దానికి విటమిన్ సి కూడా కావాలి, జామ, ఉసిరి, నిమ్మ అందరికీ అందేవే. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం ప్రొటీన్ మోతాదు డాక్టర్‌ను అడిగి తీసుకోవాలి. బీడీ, అదుపులో లేని షుగర్ రెండు పద్ధతులలోనూ గాయాన్ని మాననివ్వవు.

ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు మోసే హమాలీకి అసలు ప్రశ్న మళ్లీ బరువు ఎప్పుడెత్తాలన్నదే. పెద్ద కోత తర్వాత సాధారణంగా ఆరు వారాలు ఆగమంటారు, రంధ్రాలైతే అంతకన్నా ముందే పనికి పంపుతారు. అయినా పదో రోజున మచ్చ ఎండిందని బస్తా ఎత్తేవాడి పొట్టలో, బరువును భరిస్తున్నది ఇంకా కుట్టు దారమే.