ఫర్నెస్, డక్టులు మార్చి నాలుగు చలికాలాలు: మా అనుభవం

మాది డెట్రాయిట్ శివార్లలో 1974లో కట్టిన ఇల్లు. 2021లో బేస్‌మెంట్ పని మొదలుపెట్టే ముందే ఫర్నెస్ (ఇంటిని వేడి చేసే గ్యాస్ యంత్రం), దాని వేడి గాలిని గదులకు చేర్చే డక్టులు మార్పించాం. గోడలకీ సీలింగ్‌కీ డ్రైవాల్ పలకలు ఎక్కాక ఏమీ చేయలేమని పట్టుబట్టింది మా ఆవిడే. నేనప్పటికి ఫ్లోరింగ్ రంగులు చూసుకుంటున్నాను.

పాత ఫర్నెస్ గంటకు 1,20,000 బీటీయూ (వేడిని కొలిచే యూనిట్), 80 శాతం రకం, అంటే కాల్చిన గ్యాస్‌లో 80 శాతమే ఇంటికి వేడిగా అందేది. మొదట వచ్చిన ఇద్దరు కాంట్రాక్టర్లు దాని స్టిక్కర్ చూసి అంతే సైజు రాసిచ్చేశారు. మూడో ఆయన కిటికీలు కొలిచి, యాటిక్ ఎక్కి ఇన్సులేషన్ చూసి, ఇంటికి ఎంత వేడి కావాలో తేల్చే మాన్యువల్ జె లెక్క వేసి 52,000 చాలన్నాడు. సగానికి సగం! భయపడుతూనే 60,000 బీటీయూ, 96 శాతం, రెండు స్టేజీలది (చిన్న మంట, పెద్ద మంట రెండింటి మీదా నడిచేది) పెట్టించాం. మైనస్ 15 సెల్సియస్ రాత్రుల్లో కూడా ఇబ్బంది పడలేదు.

అసలు తేడా మాత్రం డక్టుల్లోనే తెలిసింది. గదుల్లోని గాలిని తిరిగి ఫర్నెస్‌కి తెచ్చే పాత రిటర్న్ అంటే దూలాల మధ్య సందుకి కింద రేకు కొట్టి వదిలేసిందే. బేస్‌మెంట్ దుమ్మూ ముక్క వాసనా అందులోంచే పైకి వచ్చేవి. దాన్ని తీసేసి సిసలైన డక్టు వేశారు, అతుకులన్నిటికీ గాలి కారకుండా మాస్టిక్ అనే పేస్టు పూశారు. డక్ట్ టేపుకి పేరులోనే డక్టు ఉంది, మా పాత అతుకుల మీద అది ఎండి ఊడి వేలాడుతోంది. డక్టుల్లో గాలి ఒత్తిడి, అంటే స్టాటిక్ ప్రెషర్, 0.9 అంగుళాల (నీటి మట్టం లెక్కలో) నుంచి 0.5కి దిగింది. గరాజ్ మీది గదిలో పిల్లలిప్పుడు స్వెటర్ లేకుండా పడుకుంటున్నారు. గ్యాస్ బిల్లు కూడా తగ్గింది, కానీ దానికోసమే అయితే ఇంత ఖర్చు పెట్టక్కర్లేదు.

ఇబ్బందులూ ఉన్నాయి. కొత్త ఫర్నెస్ పొగ పీవీసీ గొట్టంలోంచి గోడ బయటికి పోతుంది కాబట్టి, పాత చిమ్నీ ఒక్క వాటర్ హీటర్‌కే మిగిలి, దాని కొద్దిపాటి పొగకి మరీ పెద్దదైపోయింది. ఇన్‌స్పెక్టర్ పట్టుకుంటే చిమ్నీ లోపల లైనర్ (సన్నటి గొట్టం) వేయించాం. ఎస్టిమేట్‌లో ఆ ఖర్చు ఊసే లేదు. రెండో ఏడు ఫర్నెస్‌లో ఊరే నీటిని తోడే కండెన్సేట్ పంపులో ఫ్లోట్ (నీటి మట్టాన్ని బట్టి తేలే భాగం) ఇరుక్కుని, అర్ధరాత్రి ఫర్నెస్ ఆగిపోయింది. అప్పటినుంచి దాన్ని ఏడాదికోసారి నేనే కడుగుతున్నాను.

ఇంకో తప్పు పూర్తిగా నాదే. డక్టులో గాలిని పెంచి తగ్గించే డ్యాంపర్ పిడి ఎక్కడుందో ఫోటో తీసుకోకుండా సీలింగ్ మూయించేశాను. తర్వాత గాలి సర్దుబాటు చేయాల్సి వచ్చి, వెతుక్కుంటూ రెండు చోట్ల కోయాల్సి వచ్చింది. ఒకచోట ఇప్పుడు చిన్న తలుపు ఉంది, రెండోచోట అతుకు రంగు ఇప్పటికీ కలవలేదు.