సూపర్ మీటియర్ 650: రెండేండ్లు నడిపినంక ఒక పొట్టోడి మాట

నా ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు. ముందే చెప్తున్న, ఎందుకంటే రాసేదంతా దాని గురించే. మైలేజీ, టాప్ స్పీడు, ఏబీఎస్, రంగులు, ఇవి ఎక్కడ చూసినా దొరుకుతయ్, మళ్ళీ నేనెందుకు. నాకు కావాల్సింది ఒక్కటే నంబరు: సీటు ఎత్తు 740 మిల్లీమీటర్లు. దాని కోసమే ఈ రాయల్ ఎన్‌ఫీల్డ్ బండిని 2023లో కొన్న, ఇప్పటికి 21 వేల కిలోమీటర్లు తిరిగింది, ఇంకా పొద్దున సెల్లార్‌లో ఎక్కి కూసొని రెండు పాదాలూ మడమలతో సహా నేలకు ఆనిస్తే లోపల చిన్నగ గర్వమనిపిస్తది. నవ్వుకునేటోళ్ళు నవ్వుకోండి.

పొడుగోళ్ళకు ఈ బాధ తెల్వదు. ఇరవై ఏండ్ల సంది ఏ బండి ఎక్కినా సిగ్నల్ కాడ నాది ఒకటే తంతు, ఎడమ కాలు మునివేళ్ళ మీద, కుడి కాలు గాల్లో, కింద గుంత ఉందా కంకర ఉందా చూస్కొని కాలు పెట్టుడు, వెనకోడు హారన్ కొడుతుంటే ఇంకింత పరేషాన్. దీనికంటే ముందు ఇదే కంపెనీది, ఇదే ఇంజిన్ ఉన్న ఇంటర్‌సెప్టర్ బండి చూసిన, చూడ్డానికి మస్తు నచ్చింది, కానీ దాని సీటు 804. టెస్ట్ రైడ్‌కు ఎక్కితే షోరూం పిల్లగాడు వెనక పట్టుకొని నిలబడ్డడు, చిన్నోళ్ళకు సైకిల్ నేర్పినట్టు. దిగి, చాయ్ తాగి వచ్చేసిన.

ఇందులో నాకు అన్నిటికంటే నచ్చింది ఏందంటే అందం కోసం గీసిన గీతా, నా కాళ్ళ కోసం గీసిన గీతా ఒకటే. పక్కనుంచి చూడండి, నీటి బొట్టు లెక్క ఉన్న ట్యాంకు వెనక్కి జారుతూ జారుతూ సీటు కాడికి వచ్చేసరికి లోపలికి కుంగిపోతది, ఆ తర్వాత బరువైన మడ్‌గార్డు పైకి లేస్తది. ఆ కుంగిన కాడనే మనం. అందుకే బండి మీద కాదు, బండిలో కూసున్నట్టు ఉంటది. వెనక చక్రం 16 అంగుళాలే కాబట్టి దాని మీద సీటును అంత కిందికి దించగలిగిన్రు. ఇంకోటి చాలామంది పట్టించుకోరు, పాదాలు పెట్టుకునే ఫుట్‌పెగ్గులు ముందుకు ఉన్నయ్. మామూలు బండిలో కాలు కిందికి పెడితే సరిగ్గ పిక్కకు పెగ్గు తగుల్తది, దాన్ని తప్పించడానికి కాలు పక్కకు చాపాలె, చాపితే పొట్టోడికి ఉన్న పొడుగు కూడా తగ్గుతది. దీంట్ల కాలు కింద ఖాళీ, నేరుగ దిగుతది. సీటు కూడా ట్యాంకు పక్కన సన్నగ ఉంటది. 740 అన్న నంబరు ఒక్కటే కాదు, ఆ సన్నదనం ముఖ్యం, అది నాకు తర్వాత బుద్ధి వచ్చేటట్టు తెలిసింది, చెప్త.

కొన్న కొత్తల దోస్తులందరికీ చెప్పుకుంట తిరిగిన, 241 కిలోలు అని భయపడకున్రి, సైకిల్ లెక్క ఉంటది అని. ఆ మాట ఇప్పుడు జర వెనక్కి తీస్కుంటున్న. నడుస్తున్నంత సేపు నిజమే. బరువంతా కింద ఉంటది, ట్రాఫిక్‌లో పది స్పీడుల పోయినా అటూ ఇటూ ఊగదు. నెట్టాల్సి వస్తే మాత్రం అది 241 కిలోలే, ఇంకో ముచ్చటే లేదు.

ఇగ అసలు కథ. నిరుడు మా ఇంటామెను తీస్కొని శ్రీశైలం పోయిన. పొద్దున్నే బయల్దేరినం, కడ్తాల్ దాటిందాక ఏం మాట్లాడలే, డిండి కాడ చాయ్‌కు ఆపితే దిగి నడుం పట్టుకొని నిలబడ్డది. "బండి మీది, నడుము నాది" అన్నది, అంతే. మన్ననూర్ నుంచి అడవి రోడ్డు, ఘాట్ మలుపులు అన్నీ నేను సంబురంగ తిప్పుతుంటే వెనక నుంచి సప్పుడు లేదు, ఆ సప్పుడు లేకపోవుడే సప్పుడు. సీటు కిందికి రావాలంటే ఎక్కడో కోత పడాలె కదా, వెనక షాకర్ల ప్రయాణం 101 మిల్లీమీటర్లే, గుంతను మింగడానికి వాటికి ఉన్న జాగ అంతే. నేనేమో ఒక్కణ్ణి తిరిగే ప్రీలోడే, అంటే స్ప్రింగ్ బిగింపే, ఉంచి ఇద్దరం పోయినం. స్ప్రింగ్ బిగించాలె అన్న ఆలోచనే రాలే నాకు. తప్పు నాదే.

తిరిగొచ్చినంక స్ప్రింగ్ బిగిస్తే అయిపోతుండె. నేనేం చేసిన, సికింద్రాబాద్‌లో ఒక సీటు షాపుకు పోయిన. రెండు సీట్లు విడివిడిగ ఉంటయ్ కదా, వెనకది ఒక్కటే చేపిస్తే సరిపోతుండె. ఆ షాపాయన "ముందుది కూడా చేపియ్యన్నా, సోఫా లెక్క ఉంటది" అన్నడు, నేనూ సరే అన్న. ఫోమ్ వేసిండు, ఇంచున్నర లేసింది, పక్కలకు కూడా వెడల్పు చేసిండు. నిజంగ సోఫానే. ఇంటికొచ్చేటప్పుడు పాదాలు మొత్తం ఆనుతలేవని తెలుస్తనే ఉంది, కానీ షూస్ వేస్కుంటే సరిపోతదిలే అనుకున్న. కళ్ళు నెత్తికెక్కితే ఇట్లనే ఉంటది.

రెండు వారాలకు నాగోల్‌లో ఒక ఫంక్షన్ హాల్, చుట్టాల పెండ్లి. తిని బయటికొస్తున్నం, సెల్లార్ ర్యాంపు ఎక్కుతుంటే సగంల ముందున్న కారు ఆగింది. నేనూ ఆపిన, అలవాటుగ ఎడమ కాలు దించిన. రెండేండ్ల సంది ఎక్కడ నేల దొరుకుతదో అక్కడ నేల లేదు. ర్యాంపు అటు దిక్కు వాలుగ ఉంది, సీటేమో ఎత్తు, తొడలు వెడల్పుకు చాపుకొని ఉన్నయ్. వేళ్ళు తగిలేసరికే బండి వాలింది. ఆపుదామని చూసిన, నా వల్ల కాలే. మా ఇంటామె పట్టుచీరలో ఎట్ల దుంకిందో నాకు ఇప్పటికీ తెల్వదు, దెబ్బ మాత్రం తగల్లే. బండి మెల్లగ, పిల్లను పడుకోబెట్టినట్టు పడుకుంది.

అప్పుడు సమజైంది. బరువు కింద ఉందంటే బరువు తక్కువ ఉందని కాదు. నిటారుగ ఉన్నప్పుడు రెండు వేళ్ళతో నిలబెట్టొచ్చు, ఒక హద్దు దాటి వాలిందంటే ఎవరి కాలుతోని ఆగదు. కాళ్ళు ఆనుడు వల్ల మనకు బలం రాదు, ఆ హద్దుకు ముందే కాలు అక్కడ ఉంటది, గంతే. రెండేండ్లు నన్ను కాపాడింది నా డ్రైవింగ్ కాదు, ఆ ఇంచున్నర.

పడిన బండి ఎట్ల లేపాలె అని వీడియోలు చూసిన, గేరులో పెట్టాలె, వెనక్కి తిరిగి నడుము సీటుకు ఆనించి కాళ్ళతో నెట్టాలె అని. ఒక్కటి కూడా గుర్తు రాలే. క్యాటరింగ్ పిల్లలు నలుగురు గరిటెలు పక్కన పెట్టి ఉరికొచ్చి లేపిన్రు. లేపి నిలబెట్టినంక, నేను ఇంకా వణుకుతున్న, వాళ్ళల్ల ఒకడు ట్యాంకు తుడుస్తూ "అన్నా, ఎంతిస్తది?" అన్నడు. హైదరాబాద్‌లో ఈ ప్రశ్న తప్పదు, బండి పండుకొని ఉన్నా సరే. ఎడమ అద్దం, క్లచ్ లివర్ కొస పోయినయ్. ముందట క్రాష్ గార్డు బిగించుకున్న కాబట్టి ట్యాంకుకు గీత పడలే.

మర్నాడే ముందు సీటు పాతది పెట్టిన. ఇద్దరం పోయేటప్పుడు స్ప్రింగ్ బిగిస్తున్న, బిగిస్తే వెనక కొంచెం లేస్తది, అది నా కాళ్ళకు తెలుస్తది, కానీ భయపడేంత కాదు.

మా కాలనీల ఎవరింటి ముందు వాళ్ళు పోసుకున్న స్పీడ్ బ్రేకర్ల సంగతి వేరే చెప్పాల్నా, కింద ఖాళీ 135 మిల్లీమీటర్లే, ఒక్కణ్ణే ఉంటే దాటుత, ఇద్దరముంటే ఏటవాలుగ ఎక్కిస్త. ఇంకో ముచ్చట, హైవే కోసం పుట్టిన బండి ఇది, మన ఔటర్ రింగ్ రోడ్డు మీద మాత్రం టూ వీలర్లకు ఎంట్రీ లేదు, పక్కన సర్వీస్ రోడ్డు మీద పోతూ కార్లను చూసుడే.

తీస్కోవాల్నా అంటే, నాకు తెల్వదు. నేను పొట్టోణ్ణి, ఆఫీసుకు మెట్రోలో పోత, బండి ఆదివారం బండి, సెల్లార్‌లో చదునైన జాగ ఉంది. మీరు పొడుగుంటే ఇదే ఇంజిన్ వేరే బండ్లల్ల కూడా దొరుకుతది, వాటి మీద కూడా ఒకసారి కూసోండి. రోజూ అమీర్‌పేట దాటాలె, వెనక ఎప్పుడూ ఒకరు ఉంటరు అంటే ఇంట్ల వాళ్ళను కూసోబెట్టి ఒక గంట తిప్పండి, షోరూం చుట్టూ రౌండు కాదు.

నా బండికి ఇప్పుడు ముందు సీటు కంపెనీది, వెనక సీటు సికింద్రాబాద్‌ది. రెగ్జిన్ రంగు కలవలే, ఒకటి నలుపు, ఇంకోటి ముదురు చాక్లెట్, అంత అందమైన గీత మధ్యల అతుకేసినట్టు కనిపిస్తది. మార్పిద్దామా అని అడిగితే మా ఇంటామె, ముందు దానికి కూడా చాక్లెట్ కవర్ కుట్టియ్యండి, ఫోమ్ మాత్రం ముట్టుకోకున్రి అన్నది.